24 చదరపు మీటర్ల పొదరిల్లు

నలభై నాలుగేళ్ల వయసులో మళ్లీ పలక పట్టినవాడి అవస్థ పట్టినవాడికే తెలుస్తుంది. 1995 జనవరిలో మా విభాగానికి రానున్న కొత్త యంత్రాలపై శిక్షణ పొందడానికి నలుగురిని జర్మనీ దేశానికి పంపాలని నిర్ణయించారు. ఆ నలుగురిలో నా పేరు కూడా ఉంది. అయితే ఒక షరతు. మూడు నెలలపాటు సాయంకాలపు జర్మన్ తరగతులకు హాజరై, చివర జరిగే పరీక్షలో ఉత్తీర్ణులైతేనే ప్రయాణం. తప్పినవారి స్థానంలో, వరుసలో వెనుకనున్నవారు వెళతారు. వెనుకనున్నవాడు నా కంటే పదిహేనేళ్లు చిన్నవాడు, పైగా డిగ్రీ చదివినవాడు. నేనా, డిప్లొమాతో చేరి, ఛార్జిమన్‌గా పనిచేసి, మెట్టు మెట్టు ఎక్కి వచ్చినవాణ్ణి.

పగలంతా షాపులో యంత్రాల రొద. సాయంత్రం ఆరు గంటలకు శిక్షణ కేంద్రంలో జర్మన్ వ్యాకరణం. రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి నాకు పాఠం అప్పజెప్పించేది. అప్పుడది తొమ్మిదో తరగతి. పాత పెళ్లి శుభలేఖలను ముక్కలుగా కత్తిరించి, వెనుకవైపు ఒక్కొక్క జర్మన్ మాట రాసి, చీట్లపేకలా పంచి అడిగేది. తప్పు చెబితే మా శ్రీమతి వంటగదిలోంచి నవ్వేది. ఆ నవ్వు పరీక్షాధికారి ఎర్రసిరా కంటే పదునుగా ఉండేది.

మాటలు కష్టం కాలేదు. మాటకు ముందు తగిలించే ఆర్టికల్ దగ్గరే నా బండి దిగబడింది. జర్మన్ భాషలో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది. పుంలింగానికి డేర్, స్త్రీలింగానికి డీ, నపుంసకానికి దాస్. బల్ల మగవాడు, దీపం ఆడది. ఇంతవరకు సరే. కాని బాలిక నపుంసకం! మన వ్యాకరణంలో మహత్తు, అమహత్తు అనే విభజన ఎంత హాయి! సీత వచ్చింది, బండి వచ్చింది, క్రియ ఒక్కటే. స్త్రీకి, బండికి ఒకే క్రియ ఏమిటని మా అమ్మాయి నిలదీసింది. బహువచనంలో స్త్రీలు వచ్చారనే అంటాం గదా అని సర్దిచెప్పాను.

పరీక్షలో ముప్పై బొమ్మలు ఇచ్చి, ఆర్టికల్‌తో సహా పేర్లు రాయమన్నారు. పంతొమ్మిదో బొమ్మలో పూల పొదల మధ్య చిన్న చెక్క ఇల్లు, దాని ముందు రెండు కుర్చీలు. ఇటువంటి చిన్న కట్టడాలకు మేము మూడు మాటలు నేర్చుకున్నాం. పనిముట్లు పెట్టుకొనే కొట్టం డేర్ షుప్పెన్, అంటే మగవాడు. తోటలోని ఇల్లు దాస్ గార్టెన్‌హౌస్, అది నపుంసకం. మూడోది లౌబె. ముగ్గురు అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో తెలియని ఈ మూడింటిలో ఏది ఎవరో ఆ క్షణాన గుర్తు రాలేదు. ఇల్లే గదా అని ధైర్యం చేసి ‘దాస్ లౌబె’ అని రాశాను. తప్పు. సరైనది డీ లౌబె. పాఠం చెప్పిన టీచరుగారు ఆ మాట చుట్టూ సున్న చుట్టి, “ఇంటికి వెళ్లి వందసార్లు రాయండి” అన్నారు. రెండు మార్కుల తేడాతో గట్టెక్కాను గనుక ఆ శిక్షను ఆనందంగానే అనుభవించాను. శుభలేఖ ముక్క మీద మా అమ్మాయి ఆ మాటను ఎర్ర పెన్సిలుతో మళ్లీ రాసి నా సూట్‌కేసులో పెట్టింది.

ఏప్రిల్ నెలాఖరుకు మేము తూర్పు భాగంలోని లైప్జిగ్ నగరం చేరాం. మేము బస చేసిన ఇంటి యజమానురాలికి ఒక అన్నగారు ఉండేవారు. వయసు యాభై ఎనిమిది. వృత్తి ఫిట్టర్. నా చేతులు చూసి ఈయన కార్మికుడే అని గుర్తించారట. మే నెలలో ఒక ఆదివారం తన తోటకు రమ్మన్నారు. ట్రాము దిగి నడిస్తే పొడవాటి కంచె, దానికొక చిన్న గేటు. లోపల సన్నని బాట, దానికి ఇరుపక్కలా వరుసగా చిన్న చిన్న తోటలు. ప్రతి తోటలోనూ ఒక బుల్లి ఇల్లు. కొన్ని తోటల్లో జెండా కూడా ఎగురుతోంది. మన కాలనీల్లో క్వార్టర్ల వరుసలు ఎట్లా ఉంటాయో అట్లాగే, కాకపోతే బొమ్మల కొలువు పరిమాణంలో.

“మీ శ్రీమతిగారు ఎక్కడ?” అని నాకొచ్చిన భాషలో అడిగాను. ఆయన ఆ బుల్లి ఇంటివైపు చెయ్యి చూపి, “మైనె ఫ్రౌ ఇస్ట్ ఇన్ డేర్ లౌబె” అన్నారు. నా భార్య లౌబెలో ఉంది అని అర్థం. నాకు అర్థమైంది. అర్థం కావడంతో ఆగితే బాగుండేది. వందసార్లు రాసిన గర్వం నన్ను నిలవనియ్యలేదు. “డేర్ కాదండీ, డీ లౌబె!” అని సరిదిద్దాను.

పక్క తోటలో నీళ్లు పోస్తున్న ముసలాయన డబ్బా కింద పెట్టి మరీ నవ్వాడు. లోపలినుంచి వచ్చిన ఆయన శ్రీమతి కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. మా పెద్దాయన మాత్రం నవ్వకుండా, కంచె పక్కన మట్టిలో వేలితో రాసి చూపించారు. స్త్రీలింగపు మాట ‘లో’ అనే అర్థంలో వచ్చినప్పుడు డీ కాస్తా డేర్ అవుతుందట. అంటే, ఇంటి బయట ఉన్నంతసేపు డీ, ఇంట్లో కూర్చుంటే డేర్. “ఇన్ డేర్ లౌబె” అని నాచేత మూడుసార్లు పలికించి, తరువాత లోపల కూర్చోబెట్టారు. పుల్లని రూబార్బ్ కాడలతో చేసిన కేకు పెట్టారు. ఒక్క ముక్క నోట్లో పెట్టుకోగానే గోంగూర గుర్తొచ్చింది. ఆ రోజునుంచే ఆయన నన్ను ‘మీరు’ మాని ‘నువ్వు’ అనడం మొదలుపెట్టారు. ఈ తోటలో అందరం నువ్వులమే, మీరు అనే మాటను గేటు బయట వదిలి రావాలి అన్నారు.

ఆ ఇంటిని నేను అలవాటుకొద్దీ అడుగులతో కొలిచాను. సుమారు ఆరు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. నా కొలత చూసి ఆయన సంతోషించారు. జర్మనీలో చిన్న తోటల కోసం ప్రత్యేకంగా 1983లో చేసిన చట్టం ఒకటుంది. దాని ప్రకారం తోట 400 చదరపు మీటర్లకు మించరాదు. లౌబె 24 చదరపు మీటర్లకు మించరాదు, కప్పు వేసిన వసారాతో కలిపి. అందులో శాశ్వత నివాసానికి వీలైన సదుపాయాలు ఉండరాదు. స్థలంలో కొంత భాగమైనా పళ్లకు, కూరగాయలకు కేటాయించి తీరాలి. ఈ భాగం కనీసం మూడో వంతు ఉండాలని 2004లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఒక తీర్పులో చెప్పింది. కంచె ఎంత ఎత్తుండాలో చెప్పేందుకు సంఘాల నియమావళి వేరే. స్థలం తోటమాలిది కాదు. కౌలుకు తీసుకున్నది. అపార్టుమెంట్లలో అద్దెకుండే సామాన్యుడికి సొంత మట్టి అనే భ్రమను కౌలుకిచ్చే ఏర్పాటు ఇది. ఇటువంటి తోటలు ఒక్క బెర్లిన్ నగరంలోనే సుమారు 70 వేలున్నాయి. వాటిలో మకాం వేసేవారికి బెర్లిన్ ప్రజలు పెట్టిన ముద్దుపేరు లౌబెన్‌పీపర్. పీపర్ అంటే కిచకిచలాడే ఒక చిన్న పిట్ట. పొదరింటి పిట్టలన్నమాట.

ఈ తోటల పుట్టుక కూడా ఆ ఊళ్లోనే జరగడం నా అదృష్టం. వీటికి ష్రేబర్ తోటలని మరో పేరు. మోరిట్జ్ ష్రేబర్ లైప్జిగ్ వైద్యుడు. పిల్లలకు వ్యాయామం ఉండాలని గట్టిగా చెప్పినవాడు. పిల్లలు నిటారుగా కూర్చోవాలని పట్టీలు, చట్రాలు కూడా రూపొందించిన కఠినుడు. ఆయన 1861లో మరణించాడు. ఆయన జీవించి ఉండగా ఒక్క ష్రేబర్ తోట కూడా లేదు! 1864లో హౌషిల్డ్ అనే విద్యావేత్త ఒక సంఘం స్థాపించి, దివంగతుడైన ష్రేబర్ పేరు పెట్టాడు. ఆ సంఘం పిల్లల కోసం ఆటస్థలం ఏర్పాటుచేసింది. తరువాత గెజెల్ అనే ఉపాధ్యాయుడు ఆ ఆటస్థలం అంచున పిల్లలచేత మొక్కల మడులు వేయించాడు. పిల్లలు నాలుగు రోజుల్లో విసిగి ఆటలకు పోయారు. కలుపు తీసే పని తల్లిదండ్రుల మీద పడింది. పెద్దలకు అది పట్టుబడింది. మడి చుట్టూ కంచె వచ్చింది, వానొస్తే తలదాచుకోవడానికి కంచె లోపల లౌబె వచ్చింది. మా ఇంట్లో కుక్కపిల్లను తెచ్చిన కథ కూడా ఇదే గనుక నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఆ సాయంత్రం బసకు చేరి నిఘంటువు తిరగేశాను. లౌబ్ అంటే ఆకులు, ఆకుల గుబురు. లౌబె దానికి చుట్టమే, అంటే ఆకులతో కప్పిన నీడ. ఒక్కసారిగా భద్రాచలం దగ్గరి పర్ణశాల కళ్లముందు నిలిచింది. పర్ణమంటే ఆకు, శాల అంటే ఇల్లు. ఎక్కడి గోదావరి, ఎక్కడి లైప్జిగ్! వాళ్ల మాటకు మన మాటకు రక్తసంబంధమేమీ లేదు, ఆలోచన మాత్రం ఒక్కటే. రక్తసంబంధం ఉన్న మాటలు వేరే ఉన్నాయి. ఆ పాత జర్మానిక్ మాటే ఫ్రెంచి దారిన ఇంగ్లీషులోకి పోయి లాడ్జి అయింది. మధ్యయుగపు లాటిన్ దారిన పోయి లాబీ అయింది. మన బస్టాండ్ల పక్కన లాడ్జి అనే బోర్డు చూసినప్పుడల్లా ఇప్పటికీ నాకు ఆ తోట గుర్తుకొస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడం మాటల లోకంలోనూ ఉంది. మన దేశంనుంచి వెళ్లిన బంగళా అనే మాటను తూర్పు జర్మనీవారు సెలవు రోజుల్లో గడిపే చిన్న ఇంటికి వాడుకున్నారు.

మరి తెలుగులో లౌబెను ఏమనాలి? మంచె అందామంటే అది చేను కాపలాకు నాలుగు గుంజల మీద నిలిచేది. పాక అంటే అందులో మనిషి కాపురం ఉంటాడు. పందిరికి గోడల్లేవు. పొదరిల్లు అన్న మాటే దగ్గరగా తోచింది, కాని దాన్ని మన కవులు నాయికా నాయకులకు రాసిచ్చేశారు. ఫిట్టరు కూర్చుని స్క్రూడ్రైవరు తుడుచుకునే పొదరిల్లు మన కావ్యాల్లో ఎక్కడా కనబడదు. దాస్ గార్టెన్‌హౌస్ అనే మాటకు మాత్రం దర్జా ఎక్కువ. వైమార్‌లో 1776లో మహాకవి గోథేకు దక్కిన ఇల్లు ఆ పేరుతోనే ప్రసిద్ధం. మన శాకుంతలం అనువాదాన్ని చదివి పరవశించిన గోథే ఆయనే. దానికీ మా పెద్దాయన లౌబెకూ, బంగళాకూ పాకకూ ఉన్నంత దూరం.

లైప్జిగ్ నుంచే 1853లో ఎర్న్‌స్ట్ కైల్ అనే ప్రచురణకర్త ఒక వారపత్రిక ప్రారంభించాడు. పేరు ‘డీ గార్టెన్‌లౌబె’, తోటలోని పొదరిల్లు అని. తాతయ్య చదువుతూ ఉంటే ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ చేరి వినే పత్రిక కావాలని ఆయన ఆశ. 1870ల నడుమకు దాని ప్రతులు 3 లక్షల 80 వేలు దాటాయి. ఒక్క ప్రతిని కుటుంబమంతా చదివేది గనుక పాఠకులు ఇంకెన్ని రెట్లో! మన పత్రికను ఇంట్లో ముందుగా వంటల పేజీకి, తరువాత బదిలీల పేజీకి తెరుస్తారని సంపాదకులకు తెలియనిది కాదు. కైల్‌కు కూడా ఈ రహస్యం తెలిసే ఉంటుంది.

ఇంతవరకు లౌబె నాకొక ముచ్చటైన మాట. దాని బరువు తెలిసింది ఆగస్టులో, మరొక ఆదివారం. ఆ రోజు వాన. లోపల కూర్చుని గోడకు తగిలించిన పాత ఫోటో చూస్తుంటే పెద్దాయనే చెప్పారు. 1943 డిసెంబరు 4 తెల్లవారుజామున లైప్జిగ్ మీద బాంబులు కురిశాయి. ఆయనకప్పుడు ఆరేళ్లు. వాళ్ల ఇల్లు కూలిపోయింది. తల్లి, చెల్లెలు, తాను ఈ తోటకు నడిచి వచ్చారు. అప్పటి లౌబె ఇంకా చిన్నది. పనిముట్లు బయటపెట్టి, గోనెలు పరిచి పడుకున్నారు. రెండు చలికాలాలు అక్కడే. బాంబుల వల్ల ఇళ్లు పోయిన కుటుంబాలు అనేక నగరాల్లో ఇట్లా లౌబెల్లో తలదాచుకున్నాయి. యుద్ధం ముగిసినా ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయినవారున్నారు.

బెర్లిన్‌లోని లిష్టెన్‌బెర్గ్ ప్రాంతపు తోటల్లో 1943నుంచి 1945 దాకా ఒక యూదు యువకుడు దాగి బతికాడు. పేరు హాన్స్ రోజెన్‌తాల్. తమ్ముణ్ణి నాజీలు పట్టుకుపోయి చంపారు. ఇతణ్ణి మాత్రం ముగ్గురు సామాన్య స్త్రీలు తమ లౌబెల్లో దాచి, తమ రేషన్లోనుంచే తిండి పెట్టారు. పట్టుబడితే వాళ్ల ప్రాణాలకే ముప్పు. తరువాతి కాలంలో అతడు టెలివిజన్ క్విజ్ కార్యక్రమాలు నడిపి జర్మనీ అంతటికీ ఇష్టుడయ్యాడు. పెద్దాయన భార్య ఆ కార్యక్రమాలు చూసేదట. సరిహద్దుకు అవతలి టెలివిజన్ చూడకూడదు గదా అని నేను అడిగితే, యాంటెన్నాను అటు తిప్పింది నేనే అన్నారాయన.

తన ఉద్యోగం సంగతి ఆ రోజే చెప్పారు. ముప్పై మూడేళ్లు పనిచేసిన కర్మాగారం ‘ప్రజల సొత్తు’. అక్కడి ప్రభుత్వరంగ సంస్థలను అలాగే పిలిచేవారు. రెండు జర్మనీలు ఏకమైన 1990లో దాదాపు 8,500 సంస్థలు, వాటిలోని 40 లక్షలకు పైగా ఉద్యోగులు ట్రాయ్‌హాండ్ అనే ఒకే ఏజెన్సీ కిందికి వచ్చారు. 1994 ముగిసేసరికి వాటిలో కొన్ని అమ్ముడుపోయాయి, మరికొన్ని మూతపడ్డాయి. ఆయన కర్మాగారం మూతపడింది. అప్పటికి ఆయనకు యాభై అయిదేళ్లు కూడా నిండలేదు. “మరుసటి రోజు పొద్దున అలవాటుగా అయిదింటికి లేచాను. డబ్బాలో రొట్టె సర్దుకున్నాను. ట్రాము ఎక్కాను. కర్మాగారం స్టాపులో దిగలేదు, ఇక్కడ దిగాను. ఒక ఏడాదిపాటు రోజూ అదే పని” అన్నారు. భార్య అడ్డు చెప్పలేదట. రోజూ డబ్బాలో రొట్టె తానే సర్ది ఇచ్చిందట. నేను ఒక్క మాటా మాట్లాడలేకపోయాను. అప్పట్లో మన దేశంలోనూ వాటాల విక్రయమనే మాట మా క్యాంటీన్ బల్లల మీద రోజూ నలిగేది.

అక్టోబరులో తిరిగి వచ్చాను. 1996 వేసవిలో క్వార్టరు వెనుక, నీళ్ల కొళాయి పక్కన, నాలుగు వెదురు గుంజలు పాతి తాటాకులు కప్పాను. అచ్చమైన ఆకుల ఇల్లు. ఒక వైపు చిక్కుడు, మరో వైపు బీర పాకించాం. లోపల పాత బెంచీ ఒకటి. ఇంట్లో అందరికీ అది లౌబె అయిపోయింది. “నాన్న ఎక్కడ?” అంటే “ఇన్ డేర్ లౌబె” అని మా అమ్మాయి అరిచేది. పనిమనిషి కూడా “అయ్యగారు లౌబెలో ఉన్నారమ్మా” అనేది. మా శ్రీమతి వడియాలు, పిల్లల చదువు, నా రాత్రి డ్యూటీ మరుసటి పగటి నిద్ర, అన్నీ అక్కడే.

పెద్దాయన ఏటా కొత్త సంవత్సరానికి కార్డు పంపేవారు. 2003 నాటి కార్డుతో ఒక ఉత్తరం కూడా వచ్చింది. మోకాళ్లు సహకరించక తోట వదిలేశారట. వదిలేముందు సంఘం తరఫున మదింపు చేసేవారు వచ్చి లౌబెకు, బాటలోని రాళ్లకు, రేగు జాతి పళ్లచెట్టుకు, గూస్‌బెర్రీ పొదలకు విడివిడిగా వెల కట్టారు. కొత్తగా కౌలుకు తీసుకున్న జంట ఆ సొమ్ము చెల్లించింది. అక్రోటు చెట్టుకు మాత్రం పైసా రాలేదు. అది నియమావళి ప్రకారం అక్కడ ఉండకూడని చెట్టు. ఇన్నేళ్లూ ఎవరూ చూడనట్టు నటించారు, చివరికి కాగితం మీద చూశారు అని రాశారు.

2011లో నేను పదవీ విరమణ చేశాను. క్వార్టరు అప్పగించే రోజున ఒక ఉద్యోగి ఫారం పట్టుకుని వచ్చాడు. ఫ్యాన్లు ఎన్ని, కొళాయిలు ఎన్ని, కిటికీ అద్దాలు పగిలినవెన్ని. అన్నీ లెక్క సరిపోయాయి. పెరట్లోకి వచ్చి లౌబెను చూసి, ఫారం అటూ ఇటూ తిప్పి, “దీనికి గడి లేదండీ” అన్నాడు. అతని తప్పేముంది? మామిడి చెట్టుకూ గడి లేదు.

ఆ క్వార్టరు కేటాయింపు పొందినది కొత్తగా చేరిన ఒక అమ్మాయి, జార్ఖండ్ వైపు నుంచి వచ్చింది. సామాను దించుతుండగా ఆమె నాలుగేళ్ల కొడుకు తిన్నగా పెరట్లోకి పరుగెత్తి బెంచీ కిందికి దూరాడు. ఆమె హిందీలో అడిగింది, ఇదేమిటండీ అని. మా శ్రీమతి ఏ భాషలో చెప్పాలో తేల్చుకోలేక, “లౌబె” అంది. చిక్కుడు విత్తులు చిన్న పొట్లం కట్టి ఆమె చేతిలో పెట్టింది. బెంచీ కిందినుంచి పిల్లవాడు ‘లౌబె, లౌబె’ అని అరవడం మొదలుపెట్టాడు.

సాయంత్రం అమ్మాయి ఫోను చేస్తే ఈ సంగతి చెప్పాను. అది ఒక్క క్షణం ఆగి, “ఆర్టికల్‌తో కలిపి చెప్పారా, నాన్నా?” అంది.